సింహం కంటే ముందు ఏజెంటును చూడాలి

ఆఫ్రికా సఫారీ ఇప్పుడు లక్ష్మీనగర్ మేడమెట్ల మీద దొరుకుతోంది. అడవిలో ఏం కనిపిస్తుందో ఎవరూ చెప్పలేరు. అమ్మేవాడి నిజాయితీని మాత్రం బయల్దేరకముందే తేల్చుకోవచ్చు.

తూర్పు ఢిల్లీలో వికాస్ మార్గ్ మీద నిలబడి తలెత్తితే ఆకాశం కంటే బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. సీఏ కోచింగ్, కంపెనీ సెక్రటరీ కోచింగ్, స్పోకెన్ ఇంగ్లీష్, పేయింగ్ గెస్ట్ గదులు. వాటి నడుమ రెండో అంతస్తులోనో, మూడో అంతస్తులోనో రెండు బల్లలు, ఒక కంప్యూటర్, గోడ మీద బుర్జ్ ఖలీఫా బొమ్మతో సరిపెట్టుకున్న టూర్ ఆఫీసులు. లక్ష్మీనగర్ నుంచి నిర్మాణ్ విహార్, ప్రీత్ విహార్ దాకా ఇదే వరస. చార్‌ధామ్, వైష్ణోదేవి, నేపాల్ యాత్రలు అమ్ముకునే ఇలాంటి ఆఫీసుల జాబితాలోకి మొదట దుబాయ్, బ్యాంకాక్ వచ్చి చేరాయి. ఆ తర్వాత వంతు కెన్యా, టాంజానియాలది. యమున అవతల ఉన్న ఈ మధ్యతరగతి బస్తీలో కూర్చుని మసాయి మారా సింహాలను వాయిదాల మీద కొనుక్కోవచ్చు.

కొనేవారు కోటీశ్వరులేమీ కాదు. ప్రావిడెంట్ ఫండ్ చేతికొచ్చిన రిటైర్డ్ ఉద్యోగులు, పాతికేళ్ల పెళ్లిరోజు జరుపుకునే దంపతులు, పిల్లలకు టీవీలో చూపించిన జంతువులను ఎదురుగా చూపించాలనుకునే తల్లిదండ్రులు. వారిలో ఢిల్లీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉంటాయి. ఫోన్లో, వాట్సాప్‌లో బేరం కుదుర్చుకుని గుంటూరు నుంచో, వరంగల్ నుంచో డబ్బు పంపేవారూ ఉంటారు. ఒక కుటుంబం సఫారీకి వెళ్లాలంటే ఖర్చు లక్షల్లోనే. బట్టలు కొన్నట్టు తిప్పి చూసి, నచ్చకపోతే వాపసు ఇచ్చే సరుకు కాదు. డబ్బు ముందు, అడవి తర్వాత. ఆ రెండింటి మధ్య ఉన్న నెలల వ్యవధిలో కొనుగోలుదారు చేతిలో ఉండేది ఒక రంగుల బ్రోచరు, అమ్మిన వ్యక్తి మాట. ఆ మాట విలువెంత?

ఒకప్పుడు అమ్మింది మనమే

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఇప్పుడు మనం అడుగుతున్నాం, అంతే తేడా. స్వాతంత్య్రం వచ్చాక దాదాపు రెండు దశాబ్దాలపాటు భారతదేశమే సఫారీలు అమ్మింది, అదీ తుపాకీ సఫారీలు. నాగ్‌పూర్‌కు చెందిన ఆల్విన్ కూపర్ లాంటి షికార్ కంపెనీలు అమెరికన్, యూరోపియన్ వేటగాళ్లను రప్పించి మధ్య భారత అడవుల్లో మంచెలు కట్టించి, ఎర వేసి పులిని చూపించేవి. అప్పట్లో న్యూయార్క్‌లోనో, హూస్టన్‌లోనో కూర్చుని డాలర్లు పంపిన వేటగాడికీ సరిగ్గా ఇదే బెంగ. ముక్కూ మొహం తెలియని దేశంలో ఉన్న ఈ కంపెనీని నమ్మవచ్చా? పులి ఖాయమంటున్నారు, కనిపించకపోతే?

1969లో న్యూఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్) సమావేశం పులి పరిస్థితి మీద ప్రపంచం దృష్టిని మళ్లించింది. 1970లో పులి వేటపై నిషేధం వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షికార్ కంపెనీల కథను ముగించింది. కెన్యా కూడా 1977లో వేటను నిషేధించి కెమెరా పర్యాటకం వైపు మళ్లింది. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, టాంజానియా వంటి చోట్ల మాత్రం లైసెన్సు వేట నేటికీ చట్టబద్ధ వ్యాపారం. బోట్స్వానా 2014లో ఆపేసి 2019లో మళ్లీ తెరిచింది.

భారతీయులు ఆఫ్రికా వెళ్లేది ప్రధానంగా కెమెరాతోనే. వేట మోజున్నవారు అక్కడి లైసెన్సుతో కాల్చినా, తలను, చర్మాన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం, మన దిగుమతి ఆంక్షలు అడ్డొస్తాయి. అయినా సఫారీ అమ్మేవారిని ఎలా తూచాలో తెలుసుకోవాలంటే వేటగాళ్ల అనుభవమే పెద్ద బడి. ఎందుకంటే ఈ వ్యాపారంలో మోసాలు మొదట పుట్టిందీ, వాటికి విరుగుడు మొదట వెతికిందీ అక్కడే.

వేటగాళ్లు నేర్పిన పాఠం

వేట ఏర్పాట్లు చేసే కంపెనీని అవుట్‌ఫిటర్ అంటారు. దాని బిల్లులో ప్రధానంగా రెండు పద్దులుంటాయి. ఒకటి రోజువారీ రుసుము. రెండోది కాల్చిన జంతువును బట్టి కట్టాల్సిన ట్రోఫీ ఫీజు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటిదే. తూటా తగిలి గాయంతో పొదల్లోకి పారిపోయిన జంతువుకు కూడా పూర్తి ఫీజు కట్టాలన్నది ఆ వ్యాపారంలో సాధారణ నియమం. ఆ సంగతి ముందే చెప్పేవాడు ఒక రకం, చివరి రోజు బిల్లులో చూపించేవాడు మరో రకం.

అంతకంటే పెద్ద ప్రమాదం అనుమతుల దగ్గర. 2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు సరిహద్దుల్లో సిసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ దంత వైద్యుడు వేటాడి చంపాడు. దాని మెడలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమర్చిన జీపీఎస్ పట్టీ ఉంది. వేటకు దాదాపు 50,000 డాలర్లు చెల్లించినట్టు వార్తలొచ్చాయి. స్థానిక గైడ్లను నమ్మానని, అంతా చట్టబద్ధమనుకున్నానని అతడు చెప్పుకున్నాడు. ఆయన కాగితాలు సక్రమంగానే ఉన్నాయని జింబాబ్వే ప్రభుత్వం అదే ఏడాది ప్రకటించింది. గైడ్‌పై పెట్టిన కేసునూ 2016లో కోర్టు కొట్టేసింది. కానీ ప్రపంచం దృష్టిలో దోషిగా నిలబడింది మాత్రం డబ్బు కట్టిన మనిషే.

ఇంకో ఉదంతం మరింత సూటిగా ఉంటుంది. దక్షిణాఫ్రికాకు చెందిన ఔట్ ఆఫ్ ఆఫ్రికా అడ్వెంచరస్ సఫారీస్ అనే కంపెనీ మీద, దాని యజమానుల మీద 2014 అక్టోబర్‌లో అమెరికా ప్రభుత్వం అభియోగాలు మోపింది. ఆ అభియోగపత్రం ప్రకారం, 2005-10 మధ్య అమెరికన్ వేటగాళ్లకు అక్రమంగా ఖడ్గమృగాల వేట అమ్మారు. ఇది జనాన్ని వేధిస్తున్న జంతువు, చంపవచ్చు గానీ కొమ్మును దేశం దాటించకూడదు అని నమ్మబలికారు. వేటగాడు పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయేవాడు. కొమ్ము వెనకదారిలో అమ్ముడయ్యేది. అసలైన సరుకు కొమ్ము అయినచోట, వేటగాడు కేవలం ఆ పనికి డబ్బిచ్చి మరీ వచ్చిన కూలీ అయ్యాడన్నమాట.

ఈ అనుభవాల నుంచి వేటగాళ్లు కొన్ని సూత్రాలు తయారు చేసుకున్నారు. ఏ ప్రాంతంలో, ఏ అనుమతితో, ఎవరి పేరు మీద వేట జరుగుతుందో రాతలో ఉండాలి. బిల్లులో ఏవి కలిశాయో ఏవి కలవలేదో రెండు జాబితాలుగా ఇవ్వాలి. పాత ఖాతాదారుల్లో సంతృప్తి చెందినవారి నంబర్లే కాదు, జంతువు దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చినవారి నంబర్లూ అడగాలి. అన్నింటికంటే ముఖ్యంగా, 'గ్యారంటీ' అన్నవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయాలి. బోనులో పెంచి, వేటగాడు వచ్చే ముందు కంచె వేసిన మైదానంలో వదిలే సింహాల వేట దక్షిణాఫ్రికాలో పెద్ద వ్యాపారమైంది. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్న వివాదంలో అక్కడి వృత్తి వేటగాళ్ల సంఘం 2017లో రెండుగా చీలింది. నిజమైన అడవి గ్యారంటీ ఇవ్వదు. గ్యారంటీ ఉందంటే అక్కడున్నది అడవి కాదని అర్థం.

తుపాకీ తీసేసి కెమెరా పెట్టినా ఈ సూత్రాల్లో ఒక్క అక్షరం మారదు.

నాలుగు చేతులు మారే సరుకు

లక్ష్మీనగర్‌లో బల్ల ముందు కూర్చున్న యువకుడు మసాయి మారాను చూసి ఉండకపోవచ్చు. అది తప్పేమీ కాదు. కానీ అమ్మకం ఎలా సాగుతుందో తెలిస్తే నిజాయితీని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఈ వ్యాపారంలో చిల్లర ఏజెంటు ప్యాకేజీని తనే తయారు చేయకుండా ఢిల్లీలోనో, ముంబైలోనో ఉన్న టోకు వ్యాపారి దగ్గర కొనడం మామూలు. టోకు వ్యాపారి నైరోబిలోనో, అరూషాలోనో ఉన్న స్థానిక ఆపరేటరుకు పని అప్పగిస్తాడు. ఆ ఆపరేటరు లాడ్జిలో గది, వాహనం, డ్రైవరు, పార్కు టికెట్లు చూస్తాడు. నాలుగు చేతులు మారిన డబ్బు ఏ ఒక్క చోట ఆగినా ఫలితం ఒకటే. యాత్రికుడు లాడ్జి గుమ్మంలో నిలబడి ఉంటాడు, రిసెప్షన్ పుస్తకంలో అతని పేరుండదు.

కాబట్టి మొదటి ప్రశ్న ధర గురించి కాదు. నైరోబిలో మమ్మల్ని దించుకునేది ఎవరు? పేరు చెప్పగలరా? నిజాయితీపరుడైన ఏజెంటు ఈ ప్రశ్నకు తడబడడు. పేరు చెబితే ఖాతాదారు నేరుగా వాళ్లతోనే మాట్లాడుకుంటాడేమోనన్న భయం అతనికీ ఉంటుంది, అది సహజం. అందుకే అడ్వాన్సు తీసుకున్నాక చెబుతాననవచ్చు. అడ్వాన్సు తీసుకున్నాక కూడా చెప్పనివాడి దగ్గరే అనుమానించాల్సింది.

పేరు తెలిస్తే తనిఖీ కష్టం కాదు. కెన్యాలో టూర్ కంపెనీలకు ప్రభుత్వ పర్యాటక నియంత్రణ సంస్థ లైసెన్సు ఉండాలి. టాంజానియాలోనూ లైసెన్సు తప్పనిసరి. కెన్యా టూర్ ఆపరేటర్ల సంఘం కాటో తన సభ్యుల కోసం పూచీ పథకం నడుపుతోంది. సభ్య కంపెనీ దివాలా తీస్తే యాత్రికుడు నడిరోడ్డున పడకుండా చూడటం దాని ఉద్దేశం. దక్షిణాఫ్రికాలో సాట్సా అనే సంఘానికీ అలాంటి ఏర్పాటుంది. గైడ్లకు కూడా కెన్యాలో వృత్తి సంఘం పరీక్షలు పెట్టి కాంస్య, రజత, స్వర్ణ శ్రేణులు ఇస్తుంది. ఇవేవీ మంచితనానికి పూర్తి హామీలు కావు. కానీ వీటి గురించి అడిగినప్పుడు ఏజెంటు మొహంలో కనిపించేది సమాధానమా, చిరాకా అన్నది చాలా చెబుతుంది.

కూడిక చెప్పే నిజం

అబద్ధాన్ని పట్టుకోవడానికి అన్నింటికంటే చవకైన పరికరం కాగితం, కలం. మసాయి మారా ప్రవేశ రుసుమునే తీసుకుంటే, 2024 నుంచి విదేశీ పెద్దలకు జనవరి-జూన్ మధ్య 100 డాలర్లు, జులై-డిసెంబర్ మధ్య 200 డాలర్లు. టికెట్ చెల్లేది పన్నెండు గంటలే. ఆగస్టులో రిజర్వు లోపల మూడు రాత్రులు గడపాలంటే కనీసం మూడు టికెట్లు, అంటే మనిషికి 600 డాలర్లు. డాలరు రూ. 85 అనుకున్నా రూ. 51,000. ఇది కేవలం గేటు దగ్గర కట్టేది. ఇంకా విమానం, బస, భోజనం, వాహనం, డీజిల్, డ్రైవరు జీతం మిగిలే ఉన్నాయి.

ఇప్పుడు ఆగస్టులో మూడు రాత్రులు మారాలో, విమాన చార్జీతో సహా మనిషికి లక్ష రూపాయలు అంటూ ఫోన్లోకి వచ్చిన పోస్టరును మళ్లీ చూస్తే అది బేరంలా కనిపించదు, పొడుపుకథలా కనిపిస్తుంది. ఎక్కడో ఏదో తగ్గాలి. బస రిజర్వు లోపల కాకుండా గేటు బయట ఊళ్లో ఉండవచ్చు. మూడు రోజుల్లో లోపలికి వెళ్లేది ఒక్క పూటే కావచ్చు. పార్కు రుసుము 'అక్కడ కట్టుకోవాలి' అన్న ముక్క చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. ల్యాండ్ క్రూయిజర్ అనుకున్నది మరో ఆరుగురితో పంచుకునే వ్యానుగా తేలవచ్చు. ఇవేవీ నేరాలు కావు. ముందే చెబితే అది చవక ప్యాకేజీ. చెప్పకపోతేనే మోసం.

టాంజానియాలోని ఎన్‌గోరొంగొరొ ఇంకో మంచి ఉదాహరణ. అక్కడి అందమంతా అగ్నిపర్వత బిలం అడుగున ఉంది. కిందికి దిగాలంటే మనుషుల టికెట్లు కాక ఒక్కో వాహనానికి పన్ను కాకుండానే 250 డాలర్లు కట్టాలి. బ్రోచరులో 'ఎన్‌గోరొంగొరొ సందర్శన' అని మాత్రమే ఉంటే, అంచు మీద నిలబెట్టి ఫొటో తీయించి వెనక్కి తెచ్చినా మాట తప్పినట్టు కాదు. 'బిలంలోకి దిగడం' అన్న రెండు పదాలు రాతలో ఉన్నాయా లేదా అన్నదే తేడా.

'మారా ప్రాంతంలో బస', 'ఫలానా లాడ్జి లేదా తత్సమానం', 'అవకాశాన్ని బట్టి గేమ్ డ్రైవ్' వంటి మాటలు ఈ వ్యాపారంలో రబ్బరు లాంటివి. ఎంత లాగితే అంత సాగుతాయి. ఏ లాడ్జి, గేటు లోపలా బయటా, ఎన్ని గేమ్ డ్రైవ్‌లు, ఒక్కోటి ఎన్ని గంటలు, వాహనంలో ఎంతమంది, కిటికీ పక్క సీటు ఖాయమా అన్నవి ఈమెయిల్‌లో అడిగితే రబ్బరు గట్టిపడుతుంది.

అడవి తెలిసినవాడి మాట

ఏజెంటుకు నిజంగా సరుకు తెలుసా అన్నది తేల్చడానికి వాన గురించి అడిగితే చాలు. తూర్పు ఆఫ్రికాలో మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ రోజుల్లో ధరలు తగ్గుతాయి, దారులు బురదవుతాయి. లక్షలాది వైల్డ్‌బీస్ట్‌లు మారా నదిని దాటే దృశ్యాలు సాధారణంగా జులై-అక్టోబర్ మధ్యే. జనవరి-మార్చి మధ్య ఆ మందలు టాంజానియా వైపు, సెరెంగెటి దక్షిణ మైదానాల్లో ఈనుతూ ఉంటాయి. ఏప్రిల్‌లో మారాకు పంపిస్తూ 'గ్రేట్ మైగ్రేషన్ స్పెషల్' అని అమ్మేవాడు ఆఫ్రికా గురించి తెలియనివాడు కావచ్చు, ఖాతాదారుకు తెలియదని తెలిసినవాడూ కావచ్చు. రెండింట్లో ఏదైనా డబ్బు ఇవ్వదగ్గ కారణం కాదు.

సీజన్‌లో వెళ్లినా నది దాటే దృశ్యం ఖాయం కాదు. మందలు ఒడ్డుకొచ్చి గంటలకొద్దీ నిలబడి వెనుదిరిగి పోవచ్చు. పులిని చూపిస్తామన్న షికార్ కంపెనీకీ, క్రాసింగ్ గ్యారంటీ అన్న నేటి పోస్టరుకూ తేడా లేదు. 'కనిపిస్తే అదృష్టం, కనిపించకపోయినా మూడు రోజులూ నది వైపు తీసుకెళ్తారు' అన్నవాడు అమ్మకంలో వెనుకబడతాడేమో గానీ, నమ్మదగ్గ మాట అతనిదే.

ఆరోగ్యం విషయంలోనూ అంతే. కెన్యా వెళ్లే భారతీయులకు యెల్లో ఫీవర్ టీకా కీలకం. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది. 2016 నుంచి అది జీవితకాలం చెల్లుతోంది. ధ్రువపత్రం లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్ చేసే నిబంధన ఉంది. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. వారం రోజుల్లో ప్రయాణం పెట్టుకుని టీకా ఊసెత్తని ఏజెంటు మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉంటాడో ఊహించుకోవచ్చు. 'ధ్రువపత్రం మేమే తెప్పిస్తాం, మీరు రానక్కర్లేదు' అన్నవాడైతే ఊహతో పనే లేదు.

లైసెన్సు లేని వ్యాపారం

గల్ఫ్‌కు కూలీలను పంపాలంటే 1983 వలస చట్టం కింద కేంద్రం దగ్గర రిజిస్టర్ కావాలి. కానీ విదేశీ విహారయాత్ర అమ్మడానికి దేశవ్యాప్తంగా అలాంటి తప్పనిసరి లైసెన్సు లేదు. పర్యాటక మంత్రిత్వశాఖ గుర్తింపు స్వచ్ఛందం. పంజాబ్ మాత్రం అక్రమ వలసల బెడద తట్టుకోలేక 2012లో చట్టం చేసి ట్రావెల్ ఏజెంట్లకు లైసెన్సు విధించింది. మిగిలేది సంఘాల సభ్యత్వం. 1951లో పుట్టిన ట్రావెల్ ఏజెంట్ల సంఘం (తాయ్), 2011లో ఏర్పడిన విదేశీ టూర్ ఆపరేటర్ల సంఘం (ఓటోవాయ్) అందులో ముఖ్యమైనవి. బోర్డు మీద వాటి ముద్ర వేసుకోవడం తేలిక. సభ్యుల జాబితాలో ఆ పేరుందో లేదో చూసుకోవడమూ అంతే తేలిక, చూసేవారే తక్కువ.

పెద్ద పేరుంటే భయం లేదనుకోవడమూ పొరపాటే. 1758 నాటి చరిత్ర చెప్పుకున్న కాక్స్ అండ్ కింగ్స్ 2019 జూన్‌లో అప్పులు కట్టలేక చేతులెత్తేసి, అక్టోబర్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అలాంటప్పుడు పూచీకత్తు ఉన్న బ్యాంకుల తర్వాతే అడ్వాన్సులు కట్టిన యాత్రికుల వంతు. సరిగ్గా అదే ఏడాది సెప్టెంబర్ 23న బ్రిటన్‌లో థామస్ కుక్ కుప్పకూలింది. (భారత్‌లోని థామస్ కుక్ వేరే యాజమాన్యంలోని వేరే కంపెనీ.) అప్పుడు విదేశాల్లో ఉన్న దాదాపు లక్షన్నర మంది బ్రిటిష్ యాత్రికులను అక్కడి పౌర విమానయాన సంస్థ ఇళ్లకు చేర్చింది. అందుకు ఆధారం 1970లలోనే మొదలైన అటోల్ అనే రక్షణ పథకం. ఒకే ఏడాది, ఒకే రకం పతనం, రెండు దేశాల్లో రెండు రకాల గతి. కంపెనీ ఎంత పెద్దదన్నది కాదు, అది పడిపోతే పట్టుకునే వల ఉందా అన్నదే ముఖ్యం. ఆ వల మనకు లేదు. కాబట్టి మన యాత్రికుడు తన వల తానే అల్లుకోవాలి.

డబ్బు వెళ్లిన దారి

ఆ వలలో మొదటి పోగు బ్యాంకు ఖాతా. కంపెనీ పేరు ఒకటి, డబ్బు పంపమన్న యూపీఐ నంబరు ఎవరో వ్యక్తి పేరు మీద ఉంటే అక్కడితో ఆగిపోవడం మంచిది. పన్ను తప్పించుకోవడానికే అయినా, ఎగ్గొట్టడానికే అయినా దారి అదే. జీఎస్టీ నంబరు మరో పోగు. పదిహేను అక్షరాల ఆ నంబరులో మొదటి రెండూ రాష్ట్ర కోడ్. ఢిల్లీకి 07, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే కంపెనీ అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది బతికే ఉందా రద్దయిందా అన్నది ఉచితంగా తెలుస్తుంది. పదిహేనేళ్ల అనుభవం అని బోర్డు పెట్టుకున్న కంపెనీ రిజిస్ట్రేషన్ ఆరు నెలల కిందటిదైతే, కనీసం ఎందుకని అడగవచ్చు.

మూడో పోగు చాలామందికి తెలియనిది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవారు ఖాతాదారు నుంచి మూలంలోనే పన్ను (టీసీఎస్) వసూలు చేసి ప్రభుత్వానికి జమచేయాలి. రేట్లు, పరిమితులు బడ్జెట్లతో మారుతున్నాయి గానీ సూత్రం మారలేదు. ఆ జమ ఖాతాదారు పాన్ నంబరు కింద, ఇన్నాళ్లూ 26ఏఎస్ అని పిలుస్తూ వచ్చిన పట్టికలో, ఆదాయపన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. ఏజెంటు టీసీఎస్ పేరుతో డబ్బు తీసుకున్నాడు, మూడు నెలల తర్వాతా పోర్టల్‌లో అది కనిపించలేదంటే డబ్బు ఎక్కడాగిందో ఆలోచించాల్సిందే. పాన్ అడగకుండా, బిల్లివ్వకుండా 'పన్ను లేకుండా చేస్తాం' అన్నవాడు రేపు వాపసు ఇవ్వాల్సి వచ్చినప్పుడు 'మీరెవరు' అనడని నమ్మకమేమిటి?

విమాన టికెట్ల దగ్గర ఆరక్షరాల పీఎన్ఆర్ చూసి సంతోషించడం తొందరపాటు. డబ్బు కట్టకుండా సీటు పట్టి ఉంచినా పీఎన్ఆర్ వస్తుంది, గడువు తీరగానే రద్దవుతుంది. అసలైన ఈ-టికెట్‌కు పదమూడు అంకెల నంబరుంటుంది. మొదటి మూడూ ఎయిర్‌లైన్ గుర్తు. ఎయిర్ ఇండియాకు 098, ఇథియోపియన్‌కు 071, కెన్యా ఎయిర్‌వేస్‌కు 706. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో చూస్తే క్షణాల్లో తేలిపోతుంది. లాడ్జికి కూడా ఒక ఈమెయిల్ రాసి, ఫలానా తేదీల్లో ఫలానా పేరుతో గది ఉందా అని అడగవచ్చు. నిజాయితీగా బుక్ చేసిన ఏజెంటుకు దీనివల్ల నష్టమేమీ లేదు. కెన్యా 2024 జనవరి నుంచి వీసాకు బదులు ఎలక్ట్రానిక్ అనుమతి (ఈటీఏ) పద్ధతి తెచ్చింది. అధికారిక వెబ్‌సైట్‌లో ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవచ్చు. 'వీసా చార్జీలు' అని వేలల్లో వసూలు చేస్తుంటే ఆ డబ్బు దేనికన్నది అడగాల్సిన ప్రశ్న.

నిజాయితీకి దొరకని బేరం

ఇంత జాగ్రత్త చెప్పినంత మాత్రాన లక్ష్మీనగర్ మేడమెట్ల మీద ఉన్నవారంతా మోసగాళ్లని కాదు. చిన్న ఆఫీసు చేసిన తప్పేమీ లేదు. చార్‌ధామ్ దారిలో కొండచరియలు విరిగిపడితే అర్ధరాత్రి ఫోన్ ఎత్తి, తెలిసిన ధర్మశాలలో చోటు ఇప్పించేది చాలాసార్లు ఇలాంటి చిన్న ఏజెంటే. అసలు చిక్కు వేరే ఉంది. నిజం చెప్పేవాడి కొటేషన్ ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. పార్కు రుసుము, గేటు లోపల బస, టీసీఎస్, జీఎస్టీ, డ్రైవరుకు ఇవ్వాల్సిన టిప్పు అన్నీ కలిపి రాసినవాడి అంకె, సగం దాచిపెట్టినవాడి అంకె కంటే మనిషికి నలభై, యాభై వేలు ఎక్కువగా ఉంటుంది. ఖాతాదారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చివరి పంక్తి మాత్రమే చూసి తక్కువదాని వైపు వెళ్తాడు. నాలుగుసార్లు ఇలా బేరం పోగొట్టుకున్న నిజాయితీపరుడికి రెండే దారులు. దుకాణం కట్టేయడం, లేదా తనూ దాచడం నేర్చుకోవడం.

అందుకే రెండు కొటేషన్లను పోల్చేటప్పుడు అంకెను అంకెతో కాదు, వాక్యాన్ని వాక్యంతో పోల్చాలి. ఏది కలవలేదో చెప్పే జాబితా పొడుగ్గా, స్పష్టంగా ఉన్న కాగితం చూడటానికి చేదుగా ఉంటుంది. కానీ అది రాసినవాడు రేపు జరగబోయే గొడవను ఈరోజే ఒప్పుకున్నవాడు.

అన్నీ చూసుకున్నా మోసపోయిన వారికి దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒక పెద్ద వెసులుబాటు ఇచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు. లక్ష్మీనగర్ ఏజెంటు మీద వరంగల్ వాసి వరంగల్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఢిల్లీ రైలెక్కనక్కర్లేదు. చెల్లించిన మొత్తం రూ. 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేసుకోవచ్చు. డబ్బు పంపిన వెంటనే ఫోన్ స్విచ్చాఫ్ అయితే అది సైబర్ నేరం కిందికి రావచ్చు. అప్పుడు గంటలు కూడా ముఖ్యమే, 1930కి వెంటనే ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. ఉద్దేశపూర్వక మోసానికి ఒకప్పటి 420 సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ ఉంది. అయితే ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఒకటే, కాగితం. ఫోన్లో ఇచ్చిన మాటలకు సాక్ష్యం ఉండదు.

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం అని మాత్రమే అర్థం. సింహాలు, నది, సూర్యాస్తమయం అన్నీ ఆ తర్వాత మనుషులు తగిలించుకున్నవి. ఆ ప్రయాణం మొదలయ్యేది నైరోబి విమానాశ్రయంలో కాదు, డబ్బు చేతులు మారిన బల్ల దగ్గర. అడవి ఏమీ దాచదు, ఏమీ వాగ్దానం చేయదు. దాని పేరు మీద వాగ్దానం చేసేవారినే తరచి చూడాలి.

అడ్వాన్సు కట్టే ముందు

■ నైరోబిలో, అరూషాలో మమ్మల్ని దించుకునే కంపెనీ పేరు, లైసెన్సు వివరాలు రాతలో ఇస్తారా?

■ లాడ్జి పేరు, అది గేటు లోపలా బయటా, పార్కు టికెట్లు ఎన్ని, గేమ్ డ్రైవ్‌లు ఎన్ని, వాహనంలో ఎంతమంది?

■ కలవని ఖర్చుల జాబితా ఏది? టిప్పులు, బెలూన్ ప్రయాణం, టీకా, బీమా అందులో ఉన్నాయా?

■ డబ్బు కంపెనీ ఖాతాలోకేనా? జీఎస్టీ బిల్లు, టీసీఎస్ రసీదు ఎప్పుడిస్తారు? క్రెడిట్ కార్డు తీసుకుంటారా?

■ మీరు రద్దు చేస్తే ఎంత, మేము రద్దు చేసుకుంటే ఎంత, ఎన్ని రోజుల్లో వాపసు?

■ కిందటేడాది వెళ్లొచ్చిన ముగ్గురి నంబర్లు ఇస్తారా? వారిలో ఒకరైనా ఫిర్యాదు చేసినవారు ఉండాలి. ఆ ఫిర్యాదును ఎలా తీర్చారన్నదే అసలు పరీక్ష.